రెండు వేల టిక్కులు, ఒక్క గీత

ఏడాది నిండినా పిలిస్తే తల తిప్పని బిడ్డను చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఊళ్ల నుంచి ఎప్పటికైనా ఒక పరీక్షకు తీసుకెళ్లాల్సిందే. కొందరు దగ్గర్లోని మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తారు. కొందరు బస్సెక్కి మెహిదీపట్నం మీదుగా కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి చేరతారు. అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) బృందం రాసిచ్చిన చీటీ కొందరి చేతిలో ఉంటుంది. ఆ పరీక్ష పేరు బెరా. అది పూర్తయ్యాక చేతికొచ్చేది ఒక కాగితం, దాని మీద మెలికలు తిరిగిన నాలుగైదు గీతలు. వాటిని చూసి తల్లి అడిగే ప్రశ్న ఒకటే: "ఇంతకీ మావోనికి ఇనవడ్తదా లేదా, మేడం?"

ఆ గీత ఎలా తయారవుతుందో తెలిస్తే, తల్లి ప్రశ్నకు అది ఎంతవరకు జవాబు చెప్పగలదో కూడా తెలుస్తుంది. మెదడు పరిశోధకులు డెబ్బై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్న ఒక చిక్కు ఆ కాగితం మీదే ఉంది. ఒకే శబ్దాన్ని పదిసార్లు వినిపిస్తే మెదడు పదిసార్లూ ఒకే తీరున స్పందించదు. ఒకసారి గట్టిగా, ఒకసారి మందంగా, ఒకసారి కాస్త ఆలస్యంగా పలుకుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని ఊడ్చి పారేయాలా, భద్రంగా దాచి చదవాలా?

ముందు పరీక్ష సంగతి. బిడ్డ నిద్రపోవాలి. మెలకువగా ఉంటే మెడ కండరాలు బిగుసుకున్నా, చప్పరించినా ఆ కరెంటు మెదడు కరెంటును ముంచేస్తుంది. అందుకే ఆడియాలజిస్టు ముందే చెబుతుంది: "అమ్మా, పొద్దున త్వరగా లేపండి, ఇక్కడికొచ్చాక పాలు పట్టి పడుకోబెట్టండి." నిద్ర పట్టకపోతే డాక్టరు సిరప్ ఇస్తారు. నుదుటి పైభాగాన, రెండు చెవుల వెనక ఉబ్బెత్తు ఎముక మీద చర్మాన్ని గరుకు జెల్‌తో రుద్ది ఎలక్ట్రోడ్లు అంటిస్తారు. చెవిలో స్పాంజి మొనతో చిన్న ఇయర్‌ఫోన్. ఇక మొదలవుతుంది: టిక్, టిక్, టిక్. ఒక్కో టిక్కు నిడివి సెకనులో పది వేలవ వంతు.

టిక్కు పడ్డాక 10 మిల్లీసెకన్లలోపే కథంతా ముగుస్తుంది. చెవి నరం నుంచి మెదడు కాండం పైభాగం దాకా సంకేతం ఎక్కే క్రమంలో ఐదు చిన్న గుబ్బలు కనిపిస్తాయి. వాటికి ఒకటి నుంచి ఐదు దాకా రోమన్ అంకెలు పెట్టింది అమెరికాకు చెందిన డాన్ జ్యువెట్, జాన్ విల్లిస్టన్. అది 1971 సంగతి. ఐదో గుబ్బ అన్నిటికంటే స్పష్టమైనది. దాని ఎత్తు అరమైక్రోవోల్టు ఉంటే గొప్ప. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షలవ వంతు. అదే తల మీద మెదడు తనంతట తాను పుట్టించే అలలు పదుల మైక్రోవోల్టులుంటాయి. అంటే వెతుకుతున్న జవాబు, దాని చుట్టూ ఉన్న రొదలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఒక్క టిక్కుకు వచ్చిన రికార్డును ఎంత తేరిపార చూసినా ఏమీ దొరకదు.

అందుకే కంప్యూటరు ఓపిక పడుతుంది. టిక్కు పడ్డ క్షణాన్ని సున్నా అనుకొని ఆ తర్వాతి 10 మిల్లీసెకన్ల ముక్కను కత్తిరించి పెట్టుకుంటుంది. తర్వాతి టిక్కుకు ఇంకో ముక్క. ఇలా దాదాపు రెండు వేల ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. జవాబు ప్రతిసారీ ఒకే క్షణానికి వస్తుంది కాబట్టి నిలుస్తుంది. రొద మాత్రం ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉంటుంది కాబట్టి తనను తాను కొట్టేసుకుంటుంది. అయితే అది తగ్గేది ముక్కల సంఖ్యకు వర్గమూలం లెక్కన. రొద సగం కావాలంటే ముక్కలు నాలుగు రెట్లు కావాలి. 2000కు వర్గమూలం దాదాపు 45. రొద 10 మైక్రోవోల్టులు ఉందనుకుంటే అది 0.22కు దిగుతుంది. అప్పటికి గానీ అరమైక్రోవోల్టు గుబ్బ తల ఎత్తదు.

ఇందులో నాకు బాగా నచ్చిన సూక్ష్మం ఒకటుంది. టిక్కులు సెకనుకు 25 చొప్పునో 20 చొప్పునో పడవు. 21.1, 27.7 లాంటి వంకర అంకెలు పెడతారు. మన గోడ ప్లగ్గుల్లోని కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. టిక్కులు సరిగ్గా 25 చొప్పున పడితే టిక్కుకూ టిక్కుకూ మధ్య కరెంటు రెండు పూర్తి ఊపులు ఊగి మళ్లీ అదే చోటికొస్తుంది. అప్పుడు ఆ జుమ్మనే రొద కూడా ప్రతి ముక్కలో ఒకే చోట కూర్చుంటుంది. రెండు వేలు కాదు, రెండు లక్షల ముక్కలు పేర్చినా అది చెరగదు. కొట్టేసుకోవాలంటే రొద టిక్కుతో సంబంధం లేకుండా ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు మళ్లీ అవసరపడుతుంది.

సగటు తీసే ఈ ఉపాయానికి ఆద్యుడు జార్జ్ డాసన్. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి తల మీది విద్యుత్తు అలల్ని 1929లో లోకానికి చెప్పాక, ఆ అలల మధ్య ఒక చిన్న తాకిడికి వచ్చే జవాబును వెతకడం ఎవరికీ చేతకాలేదు. లండన్ క్వీన్ స్క్వేర్‌లోని నేషనల్ హాస్పిటల్‌లో డాసన్ 1947లో ఆ రికార్డుల్ని ఒకే ఫొటో మీద ఒకదానిపై ఒకటి పడేలా తీశారు. 1951 నాటికి మోటారుతో తిరిగే స్విచ్చు, కెపాసిటర్ల వరుసతో సగటు తీసే యంత్రాన్నే కట్టారు. కంప్యూటర్లు ల్యాబుల్లోకి రాని కాలమది. ఇవాళ ప్రతి బెరా యంత్రం కడుపులో ఉన్నది ఆ ఆలోచనే.

కానీ సగటుకు ఒక షరతుంది. ప్రతి టిక్కుకూ జవాబు ఒకేలా, ఒకే క్షణానికి రావాలి. ఆరోగ్యంగా ఉన్న చెవి, మెదడు కాండం విషయంలో ఇది చాలావరకు నిజం. బెరా అంత నమ్మదగిన పరీక్ష కావడానికి కారణం అదే. షరతు తప్పితే?

తప్పే పిల్లలున్నారు. 1996లో ఆర్నాల్డ్ స్టార్, ఆయన సహచరులు పదిమంది రోగుల వివరాలు ప్రచురించారు. లోపలి చెవిలోని బయటి రోమకణాలు బాగానే పనిచేస్తున్నాయి. ఆ కణాలు తిరిగి వెలువరించే సన్నని ధ్వనిని పట్టే ఓఏఈ పరీక్షలో పాసవుతున్నారు. బెరాలో మాత్రం గీత చదునుగానో, చెదిరిపోయో ఉంది. వీళ్లలో చాలామంది శబ్దాన్ని గుర్తిస్తారు, మాటను మాత్రం పోల్చుకోలేరు. నలుగురు మాట్లాడే చోట అసలే పట్టుకోలేరు. ఆడిటరీ న్యూరోపతీ అని పేరు పెట్టారు. చాలామందిలో లోపం నరం పోగుల సమయపాలనలో ఉంది. సంకేతం బయల్దేరుతోంది, పైకి చేరుతోంది. కాకపోతే ఒక్కో పోగు ఒక్కో క్షణానికి, ఒక్కో టిక్కుకు ఒక్కో ఆలస్యంతో పంపుతోంది.

చిలుకూరు బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసే జనమంతా ఒక్క గొంతుతో "గోవిందా" అంటే ఆ పిలుపు గుడి బయటి దాకా వినిపిస్తుంది. అదే జనం, అదే గొంతులు, కాకపోతే ఎవరికి తోచినప్పుడు వాళ్లంటే బయట నిలబడ్డవాడికి గుసగుస తప్ప మాట తెలియదు. ఎవరూ నోరు మూసుకోలేదు. కలిసి అనలేదు, అంతే. తల మీద అంటించిన ఎలక్ట్రోడు ఆ గుడి బయట నిలబడ్డ మనిషే.

ఎంత తడబాటు చాలు గీత చెరిగిపోవడానికి? లెక్క కట్టి చూడవచ్చు. బెరా గుబ్బల్లో ముఖ్యమైన భాగం సెకనుకు దాదాపు 500 ఊపుల వేగంతో ఉంటుంది. జవాబు వచ్చే క్షణం గంట ఆకారపు వక్రం ప్రకారం అటూ ఇటూ ఊగుతోందనుకుందాం. ఆ ఊగిసలాట ప్రామాణిక విచలనం అరమిల్లీసెకను అయితే సగటులో మిగిలేది నూటికి 29 పాళ్లు. ఒక మిల్లీసెకను అయితే నూటికి ఒక పాలు కూడా మిగలదు. సెకనులో వెయ్యో వంతు తడబాటుకు గీత మొత్తం చదునైపోతుంది. అదే మెదడు పైపొర కార్టెక్స్ నుంచి వచ్చే అల చాలా నెమ్మదైనది. పసిపిల్లల్లో అది వందా, రెండు వందల మిల్లీసెకన్ల తర్వాత తీరిగ్గా లేస్తుంది. ఆ అలకు ఒక మిల్లీసెకను తేడా లెక్కలోకి రాదు. అందుకే బెరా చదునుగా వచ్చిన బిడ్డలో కూడా కార్టెక్స్ అల ఒక్కోసారి చక్కగా కనిపిస్తుంది. ఇది గణితంలో నుంచే బయటపడే సంగతి, ఆసుపత్రుల అనుభవమూ ఇదే.

దీని ప్రభావం పెద్దది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు, పుట్టిన వెంటనే కామెర్లు తీవ్రంగా వచ్చిన బిడ్డలు ఈ లోపానికి ఎక్కువగా గురవుతారు. ఓఏఈ ఒక్కటే చేసి పంపేస్తే వీళ్లు పాసైపోతారు. అందుకే అమెరికాలోని శిశు శ్రవణ సంయుక్త కమిటీ 2007లో, ఇంటెన్సివ్ కేర్‌లో ఐదు రోజులకు మించి ఉన్న శిశువులకు మెదడు కాండం స్పందన పరీక్ష, అంటే బెరా, తప్పనిసరిగా చేయాలని చెప్పింది. తిరగేసి చూస్తే, బెరా ఒక్కటే చేసి చదును గీత చూసి బిడ్డకు పూర్తి చెవుడు అని రాసేస్తే అదీ పొరపాటే. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చి నరాన్ని కరెంటుతో తట్టే పరికరం) ఉంది. ఆ దారిలో వెళ్లే ముందు ఈ తేడా తేలాలి. లోపం రోమకణానికీ నరానికీ మధ్య ఉంటే ఇంప్లాంట్ కరెంటు పోగులన్నిటినీ ఒకేసారి తట్టి లేపి బాగా సాయపడుతుంది. నరమే సన్నబడి ఉంటే అంత ఫలితం ఉండకపోవచ్చు.

హెచ్చుతగ్గుల్ని కొలిచి వాడుకోవడం ఆడియాలజీకి తెలియనిది కాదు. 1984లో క్లాస్ ఎల్బెర్లింగ్, మాన్యుయెల్ డాన్ ఒక కొలత ప్రతిపాదించారు. ముక్కలన్నిటిలో ఒకే క్షణం దగ్గర విలువలు ఎంతగా మారుతున్నాయో చూసి, దాని నుంచి సగటు గీతలో ఇంకా ఎంత రొద మిగిలి ఉందో కట్టి, సగటు గీత ఎత్తుపల్లాల్ని దానితో పోల్చడం ఆ పద్ధతి. నిష్పత్తి 3.1 దాటితే గీతలో నిజంగా జవాబుందని నూటికి 99 పాళ్లు నమ్మవచ్చు. ఆ మరుసటి ఏడాదే, బిడ్డ కదిలిన ముక్కల్ని పారేయకుండా వాటికి తక్కువ బరువిచ్చి సగటు తీసే పద్ధతి వచ్చింది. నిపుణుడి కంటి అంచనాకు తోడు ఒక అంకె దొరికింది. ఆ అంకె పుట్టింది హెచ్చుతగ్గుల్లోంచే.

ఇప్పుడు మెదడు కాండం దాటి కార్టెక్స్‌లోకి వెళ్దాం. అక్కడ కథ ఇంకా చిక్కనవుతుంది. ఒక్కో న్యూరాన్ పక్కన సన్నని తీగ పెట్టి, జంతువుకు ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ చూపిస్తే న్యూరాన్ ఒకసారి ఐదుసార్లు పేలుతుంది, ఒకసారి పన్నెండుసార్లు, ఒకసారి రెండేసార్లు. గణాంకవేత్తలు విస్తృతి అని పిలిచే హెచ్చుతగ్గుల కొలత చాలా న్యూరాన్లలో సగటుకు దాదాపు సమానంగానో, ఇంకా ఎక్కువగానో తేలుతుంది. చాలాకాలం దీన్ని న్యూరాన్ నాసిరకపు పనితనం అనుకున్నారు. 1995లో జాకరీ మైనెన్, టెరెన్స్ సెజ్నౌస్కీ ఆ అపవాదును చాలావరకు తుడిచేశారు. ఎలుక కార్టెక్స్ పలచని కోతలో న్యూరాన్‌లోకి సహజంగా ఊగే కరెంటును పంపితే ప్రతిసారీ మిల్లీసెకను తేడా లేకుండా అదే చోట పేలింది. న్యూరాన్ పనితనం బాగానే ఉంది. మరి హెచ్చుతగ్గులు ఎక్కడి నుంచి?

వచ్చే సరుకులోంచి. ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో అమోస్ ఎరియెలీ, అమిరామ్ గ్రిన్వాల్డ్ బృందం 1996లో మత్తులో ఉన్న పిల్లి కార్టెక్స్ మీద రంగు పూసి, విద్యుత్తు మారినప్పుడల్లా ఆ రంగు వెలుగు మారడాన్ని కెమెరాతో చిత్రించింది. బొమ్మ చూపకముందే కార్టెక్స్ మీద అలలు కదులుతూనే ఉన్నాయి. బొమ్మ పడ్డ క్షణానికి ఆ అల ఎక్కడుందో తెలుసుకొని, దానికి సగటు జవాబును కలిపితే, ఆ ఒక్కసారి వచ్చే జవాబును చాలా దగ్గరగా ఊహించగలిగారు. ప్రతిసారీ వేరుగా కనిపించినది చాలామటుకు అంతకుముందు నుంచే సాగుతున్న పనే. మెదడు ఖాళీగా కూర్చుని మన టిక్కు కోసం ఎదురుచూడదు.

2010లో మార్క్ చర్చ్‌లాండ్, ఆయన సహచరులు కోతుల, పిల్లుల కార్టెక్స్‌లోని ఏడు ప్రాంతాల రికార్డుల్ని కలిపి చూశారు. బొమ్మ కనబడగానే న్యూరాన్ల హెచ్చుతగ్గులు తగ్గుతాయి. సగటు పెరిగినా పెరగకపోయినా ఊగిసలాట మాత్రం అణుగుతుంది. సగటు గీత మాత్రమే గీసేవాళ్లకు ఈ మార్పు ఎన్నటికీ కనిపించదు. 2019లో కార్సెన్ స్ట్రింగర్, మారియస్ పచితారియు, వారి బృందం ఎలుక చూపు కార్టెక్స్‌లో ఒకేసారి పది వేలకు పైగా న్యూరాన్లను గమనించి ఇంకో సంగతి చెప్పారు. రొదగా లెక్కేసినదాంట్లో చెప్పుకోదగ్గ భాగం ఎలుక మీసాలు, ముక్కు, ముఖం కదలికలకు తగ్గట్టు ఊగుతోంది. ముఖాన్ని వీడియో తీయకపోతే అది రొదే. తీస్తే అదే సమాచారం. నా మటుకు నాకు ఈ పరిశోధనలన్నిటిలోకీ విలువైన పాఠం ఇదే: రొద అన్న పేరు చాలాసార్లు మనం కొలవనిదానికి మనం పెట్టుకున్న పేరు.

ఇంత ఊగిసలాటలోంచి మెదడు నిజాన్ని ఎంత కచ్చితంగా తెలుసుకోగలదు? ఈ ప్రశ్నకు హద్దు గీసిన గణితం తెలుగు ఇంట్లో పుట్టిన మనిషిది. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి కలకత్తా చేరారు. అక్కడ పాఠం చెబుతుండగా వి. ఎం. దండేకర్ అనే విద్యార్థి, పెద్ద నమూనాలకు గణాంకవేత్త ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని అడిగాడు. రావు ఆ రాత్రంతా కూర్చుని రుజువు కట్టి మర్నాడు తరగతికి తెచ్చారు. 1945లో అది అచ్చయింది. కొలతల్లో రొద ఇంత ఉంటే, ఒకవైపు మొగ్గని ఏ అంచనా అయినా సరే, ఎంత తెలివిగా కట్టినా దాని విస్తృతి ఫలానా హద్దు కంటే తగ్గదు. స్వీడన్‌కు చెందిన హారాల్డ్ క్రామర్ కూడా విడిగా ఇదే చెప్పడంతో క్రామర్–రావు హద్దు అని పేరు నిలిచింది. మెదడు గురించి ఆలోచించి కట్టింది కాదిది. అయినా న్యూరాన్ల గుంపు ఒక గీత వాలును ఎంత సన్నగా పోల్చగలదో లెక్కించేవాళ్లు ఇవాళ మొదట అందుకునే పనిముట్లలో అదొకటి. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో గణిత, గణాంక, కంప్యూటర్ విజ్ఞాన సంస్థ ఉంది. చేవెళ్ల నుంచి నగరం వైపు వెళ్లేవాళ్లకు అది ఎంతో దూరం కాదు.

ఒక్క న్యూరాన్‌ను నమ్మలేకపోతే వెయ్యి న్యూరాన్ల సగటు తీస్తే సరిపోదా అనిపిస్తుంది. 1994లో ఎహుద్ జొహారీ, మైకేల్ షాడ్లెన్, విలియం న్యూసమ్ కోతి మెదడులో కదలికను పసిగట్టే న్యూరాన్ల జంటల్ని కొలిచి, అలా కుదరదని చూపించారు. పక్కపక్క న్యూరాన్ల ఊగిసలాటలో కొంత ఉమ్మడి ఉంది. సహసంబంధం 0.12 మాత్రమే, పైకి చూస్తే అత్యల్పం. కానీ ఉమ్మడి రొద కొట్టేసుకోదు. దాదాపు వంద న్యూరాన్లు దాటాక ఎన్ని కలిపినా లాభం పెద్దగా పెరగదు. టిక్కులు 25 చొప్పున పడితే గోడ కరెంటు ఎందుకు చెరగదో, ఇదీ అందుకే. ఆ తర్వాతి పరిశోధన ఇంకో మెలిక చేర్చింది. ఉమ్మడి రొదంతా హాని చేయదు. అసలు సంకేతం మారినప్పుడు న్యూరాన్లు ఏ తీరున మారతాయో అదే తీరున ఊగే రొద మాత్రమే నిజంగా ముంచుతుంది.

సగటు తీసే తీరిక అసలే లేని చోటు కూడా ఉంది. చేయి కదలనివాడు ఆలోచనతో యంత్రాన్ని కదిలించాలంటే, ఒకే ఆలోచన రెండు వేలసార్లు చేయమని అడగలేం. హైదరాబాద్ కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్న రాజేశ్ పి. ఎన్. రావు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ పని మీదే ఉన్నారు. 2013 ఆగస్టులో ఆయన మెదడు అలల్ని కొలిచే ఈఈజీ టోపీ పెట్టుకొని, కంప్యూటర్ ఆటలో ఫిరంగి పేల్చాలనుకున్నప్పుడు కుడిచేయి కదిపినట్టు ఊహించుకున్నారు. ఆ సంకేతం ఇంటర్నెట్ మీదుగా అదే క్యాంపస్‌లోని సహచరుడు ఆండ్రియా స్టాక్కో మెదడుకు అయస్కాంత తాకిడిగా చేరి ఆయన చేతిని కదిలించింది. ఆ క్షణాన ఉన్నది ఒక్క రికార్డు. దాంట్లోని ఊగిసలాటను ముందే నేర్చుకున్న గణితం లేకపోతే ఆ పని జరగదు.

ఇంత సాంకేతికత అందుబాటులో లేని చోట కూడా చేయగలిగింది చాలా ఉంది. బెరా కాగితం మీద ప్రతి శబ్దస్థాయికీ రెండేసి గీతలు ఒకదానిపై ఒకటి ఉన్నాయా చూడాలి. రెండుసార్లూ గుబ్బ ఒకే చోట లేస్తేనే అది గుబ్బ. ఓఏఈ కూడా చేశారా, పుట్టినప్పుడు కామెర్లు, ఇంక్యుబేటర్ సంగతి కేసు షీటులో రాశారా అని కుటుంబం అడగాలి. గీత చదునుగా ఉండి ఓఏఈ బాగుంటే, బొమ్మలతో, గిలక్కాయలతో బిడ్డ ప్రవర్తనను చూసే పరీక్ష పెట్టించాలి. వీలైతే కార్టెక్స్ అలను చూసే పరీక్షా చేయించాలి.

ఇంకొకటి. ఆడిటరీ న్యూరోపతీ ఉన్న పిల్లల వినికిడి రోజురోజుకూ మారవచ్చు. అరుదైన ఒక రకంలో ఒంట్లో వేడి పెరిగితే చెవి దాదాపు మూతపడుతుంది, జ్వరం తగ్గితే తెరుచుకుంటుంది. ఓటోఫెర్లిన్ అనే ప్రోటీన్ జన్యువులోని కొన్ని మార్పుల వల్ల ఇలా జరుగుతుందని తెలుసు. ఆ జన్యువు రెండు ప్రతులూ పాడైన పిల్లల్లో జన్యు చికిత్సతో వినికిడి తిరిగి వచ్చినట్టు 2024లో చైనా వైద్యులు ప్రకటించారు. కాబట్టి తల్లి "నిన్న పిలిస్తే పలికిండు సారూ, ఇయ్యాల పలుకుతలేడు" అంటే ఆమె మాట మారుస్తోందనో, ఆశతో ఊహించుకుంటోందనో కొట్టిపారేయడానికి వీల్లేదు. ఏ రోజు పలికాడు, ఏ రోజు పలకలేదు, ఆ రోజు ఒళ్లు వేడిగా ఉందా, ఇంట్లో ఎంత సందడి ఉంది, పిలిచిందెవరు అన్నవి తేదీలతో సహా కేసు షీటులో చేరాలి.